గొంతు మారిన ఏడాది

ఆ రోజుల్లో మేమంతా అతన్ని 'ఆమె' అనే అనుకున్నాం. ఇక్కడ మాత్రం మొదటి నుంచీ 'అతను' అనే రాస్తాను. అతను మమ్మల్ని మొదట కోరింది అదే.

మాది విజయనగరంలో చిన్న మేచింగ్ సెంటర్. జాకెట్టు ముక్కలు, లైనింగులు, చీర ఫాల్సులు అమ్ముతాం. మధ్యాహ్నం భోజనాల వేళ దాటితే సాయంత్రం దాకా పెద్దగా బేరాలుండవు. మా అమ్మ పోయిన ఏడాది ఆ ఖాళీ వేళ నాకు గడిచేది కాదు. నలుగురిలో ఉన్నప్పుడు బాగానే ఉండేదాన్ని. దుకాణంలో ఒక్కదాన్నే కూర్చుంటే మాత్రం, ఆస్పత్రి మంచం మీద అమ్మ కళ్ళు మూసుకునే నా చెయ్యి కోసం తడుముకోవడం గుర్తొచ్చేది.

అలాంటి ఒక మధ్యాహ్నం మా దగ్గర ఫాల్సు కుట్టే ఆవిడ ఫోన్లో పాట పెట్టుకుని పని చేసుకుంటోంది. వరి నాట్లను మావైపు ఉభాలంటారు. అది ఉభాల పాట. వాయిద్యం ఏమీ లేదు. ఒక ఆడగొంతు, వెనక ఎక్కడో కాకి అరుపు, అంతే. సన్నగా మొదలైన ఆ గొంతు చరణం చివరికొచ్చేసరికి కాస్త జీరపోయేది. తల్లి చచ్చిపోయిందన్న కబురు ఆలస్యంగా అందిన ఒక కోడలి గోడు ఆ పాట. నేను చేతిలో ఉన్న గుడ్డ మడత అలాగే పట్టుకుని ఏడ్చాను. అమ్మ కర్మలు జరిగినన్నాళ్ళూ రాని ఏడుపు అది.

పాడేదెవరని అడిగితే, "ఎవులో అప్పంటమ్మా, పొందూరు అవతల ఊరంట" అంది ఆవిడ. మావైపు అక్కని అప్ప అంటారు.

ఆ సాయంత్రమే ఆ ఛానెల్ వెతికి పట్టుకున్నాను. అతను వాళ్ళ నాయనమ్మ దగ్గర నేర్చుకున్న పాటలు పాడి పెట్టేవాడు. మొహం ఎక్కువగా కనిపించేది కాదు. పొలం గట్టు, నీళ్ళలో పచ్చటి నారు కట్టలు, అప్పుడప్పుడు ఒక పొడుగాటి జడ. ప్రతి పాటకు ముందు అది ఏ పనిలో పాడేదో, నాయనమ్మ ఏ మాట ఎలా పలికేదో చెప్పేవాడు. శ్రీకాకుళంలో ఒక మొబైల్ షాపులో పని చేసేవాడు. సెలవు రోజున ఊరెళ్ళి పాటలు రికార్డు చేసేవాడు.

నేను ప్రతి పాట కిందా ఏదో ఒకటి రాసేదాన్ని. కొన్నాళ్ళకి అతనే నా నంబరు అడిగి తీసుకుని ఫోన్ చేసి, పాటలు ఇష్టపడేవాళ్ళకి ఒక గ్రూపు పెట్టాను, చూసుకోవడానికి తీరిక చాలడం లేదు, నువ్వు చూస్తావా పిన్నీ అని అడిగాడు. సరేనన్నాను. అదొక చిన్న ఊరిలా ఉండేది. కువైట్‌లో ఇంటి పని చేసే ఒక అమ్మాయి, హైదరాబాదులో ఉండే ఒక నర్సు, నెల్లిమర్ల జూట్ మిల్లులో పని చేసేవాళ్ళ ఇల్లాళ్ళు కొందరు, రిటైరైన బస్సు డ్రైవరు ఒకాయన, సాలూరు వైపు నుంచి ఒక పెద్దావిడ. అందరికీ అతను అప్పే. అతనికంటే రెండింతల వయసున్న వాళ్ళకి కూడా.

ఒక రోజు మధ్యాహ్నం అతను దుకాణానికి వచ్చాడు. అంతకు ముందు ఒకసారి చూశాను కాబట్టి పోల్చుకోగలిగాను గాని, జడ లేదు. చొక్కా, ప్యాంటు, పొట్టిగా కత్తిరించిన జుట్టు. మంచినీళ్ళు తాగి, చాలాసేపు బల్ల మీది లైనింగు గుడ్డని వేళ్ళతో నలుపుతూ కూర్చున్నాడు.

"పిన్నీ, నన్ను మరి అప్ప అనొద్దని సెప్పాల అందరికీ."

నాకు వెంటనే అర్థం కాలేదు. అతనే మెల్లగా చెప్పుకొచ్చాడు. చిన్నప్పటి నుంచీ తను మగవాణ్ణేనని తెలుసట. ఊళ్ళో ఆ మాట ఎవరితో అనాలో తెలియలేదట. విశాఖలో డాక్టరుకి చూపించుకుంటున్నాడు, మందులు మొదలుపెట్టబోతున్నాడు. గడ్డం వస్తుంది. గొంతు మారుతుంది.

"గొంతు మారితే మరి తిరిగి రాదంట పిన్నీ."

"మరి పాటలు?" అని నేను అడిగాను. నోట్లోంచి ముందు వచ్చిన మాట అదే.

అతను తల వంచుకున్నాడు. "ఆ గొంతు ఇన్నప్పుడల్లా ఎవులో వేరే మనిషి పాడతన్నట్టుంటాది నాకు. మీకందరికీ ఆ మనిషే కావాల. నాను ఏటి సేసీది?"

ఆ రోజు అతను వెళ్ళాక ఆలోచిస్తూ కూర్చున్నాను. తెలుగులో 'నేను' అన్న మాటకి ఆడా మగా తేడా లేదు. నేను పాడాను, నేను వచ్చాను, నేను నేర్చుకున్నాను. ఇన్నేళ్ళూ అతను తన గురించి అబద్ధం ఒక్కటీ చెప్పలేదు. అతని గురించి మేం మాట్లాడిన ప్రతిసారీ 'పాడింది', 'వచ్చింది' అనుకుంటూ పోయాం.

మరుసటి ఆదివారం అతను ఛానెల్లో చెప్పేశాడు. ఎక్కువ మాటలు లేవు. అన్న అనండి, తమ్ముడనండి, పేరు మార్చుకున్నాను, ఆ పేరుతో పిలవండి అన్నాడు. ఛానెల్ కింద వచ్చిన బూతుల గురించి రాయను. అవి రాసినవాళ్ళు అతని పాట ఒక్కటి కూడా విని ఉండరు. నా బెంగ అంతా గ్రూపు గురించే.

ముందుగా కువైట్ అమ్మాయి రాసింది. 'తమ్ముడూ, ఈ వారం ఏ పాట?' అని మాత్రమే. ఆ ఒక్క వాక్యం చూసి నాకు గుండె తేలికైంది. తర్వాత చాలామంది ఏమీ అనకుండా ఊరుకున్నారు. కొందరు 'గారు' పట్టుకున్నారు. 'పాడారు', 'బాగా చెప్పారు' అని రాస్తే ఆడా మగా తేలకుండా గడిచిపోతుంది కదా. అది మర్యాదేనని నేననుకున్నాను. అతనికి మాత్రం ఇంటికి పిలిచి అరుగు మీదే కూర్చోబెట్టినట్టు ఉండేదట. అందుకే డ్రైవరు గారు ఒక రోజు 'మావోడు ఈ ఏల ఇరగదీసినాడు' అని రాసేసరికి, అతను నాకు ఫోన్ చేసి మరీ చదివి వినిపించాడు. "ఆ పెద్దాయన నన్ను మావోడన్నాడు పిన్నీ" అన్నాడు. అంత సంతోషంగా అతను మాట్లాడగా నేను విన్నది అదొక్కసారే.

నాకూ సులువుగా రాలేదు. ఫోన్లో 'పా' అని కొట్టగానే 'పాడింది' అని అదే ముందుకు తెచ్చేది. చెరిపి 'పాడాడు' అని రాసేదాన్ని. ఎవరైనా అప్ప అని రాస్తే, విడిగా వాళ్ళకి ఫోన్ చేసి చెప్పేదాన్ని. చాలామంది, అయ్యో అలవాటమ్మా అని దిద్దుకునేవారు. సాలూరు పెద్దావిడ మాత్రం ఒప్పుకోలేదు. తిట్టలేదు, వెటకారం చెయ్యలేదు. కూతురు పోయినప్పటి నుంచీ ఆ గొంతే తనకి తోడు అంది. "మా అప్పని ఏటి సేసేసినారమ్మా?" అని అడిగింది. ఆవిడ గ్రూపులోంచి వెళ్ళిపోయింది.

మందులు పని చేయడం మొదలైంది. మొదట జలుబు చేసిన గొంతులా ఉండేది. తర్వాత మాట మధ్యలో చీలేది. అయినా అతను పాడటం మానలేదు. ఉభాలు జోరుగా సాగుతున్న రోజుల్లో, గట్టు మీద నిలబడి లైవ్ పెట్టాడు. నేను దుకాణంలో చూస్తున్నాను. ఫాల్సు కుట్టే ఆవిడ నా భుజం మీంచి చూస్తోంది. నన్ను మొదటిసారి ఏడిపించిన పాటే ఎత్తుకున్నాడు, శ్రుతి బాగా కిందికి దించి. మొదటి చరణం ఎలాగో నిలబడింది. కబురు అందే చోట పాట పైకి వెళ్ళాలి. అక్కడ గొంతు రెండుగా చీలి ఆగిపోయింది. మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ చీలింది. నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు.

కింద మాటలు వరదలా వస్తున్నాయి. నవ్వే బొమ్మలు కొన్ని. వాటికంటే ఎక్కువగా, 'పాత గొంతు కావాలి', 'బంగారం లాంటి గొంతు పాడు చేసుకుంది' అని. రాసింది పరాయివాళ్ళు కాదు, ఎన్నాళ్ళనుంచో వింటున్నవాళ్ళే. అతను వాటిని చదువుతున్నాడని కళ్ళ కదలికలో తెలుస్తోంది. కొంచెంసేపటికి ఫోన్ నేల వైపు తిరిగింది, బురద కనిపించింది, లైవ్ ఆగిపోయింది.

"గుంటడు ఏడిసేసినాడమ్మా" అంది ఫాల్సు కుట్టే ఆవిడ. కుర్రాణ్ణి మావైపు గుంటడంటారు. ఆవిడకి నేను ఎన్నడూ ఏ మాటా నేర్పలేదు.

ఆ తర్వాత అతను కొత్త పాట పెట్టలేదు. అతను ఆగాడు గాని, పాత పాటలు ఆగలేదు. ఎవరో వాటిని దించుకుని వేరే ఛానెల్లో పెట్టారు, జడ ఉన్న ఫొటోతో, పాత పేరుతో. వాటిని మాత్రం అందరూ హాయిగా విన్నారు. అతను ఫిర్యాదు చేస్తే ఒకటి పోయేది, రెండు వచ్చేవి. టీ కొట్ల దగ్గర, ఆటోల్లో అవే. పాడిన మనిషి పక్కనే నడిచి వెళ్తున్నా ఎవరికీ తెలిసేది కాదు.

ఒక రోజు దుకాణం తెరుస్తుండగా ఫోన్ చేశాడు. ఇంటి దగ్గర నుంచి. గొంతు బాగా దిగిపోయింది అప్పటికి, ఎవరో అనుకున్నాను.

"మా అమ్మ వంటింట్లో కూకోని నా పాత పాట పెట్టుకోని ఏడస్తాది పిన్నీ. నాను పక్కగదిలోనే ఉన్నాను. అమ్మా అని పిలిస్తే పలకదు. ఆ ఫోన్లోది పిలిస్తే ఏడస్తాది."

టిఫిన్ తిన్నావా అని అడిగాను. లేదన్నాడు.

ఆ వారమే ఛానెల్లో పాటలన్నీ తీసేశాడు. గ్రూపుకి ఒక మాట రాసి పెట్టాడు. ఎవరి ఫోన్లలోనైనా ఉంటే తీసేయమని అడుగుతున్నాను, బలవంతం లేదు, మీకు ఆ పాటలంటే ఎంత ఇష్టమో నాకు తెలుసు అని. చాలామంది కోపగించుకున్నారు. ఉభాల పాటలు అందరివీ కదా, తుడిచేసే హక్కు నీకెక్కడిది అన్నారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. నేను ఎవరితోనూ వాదించలేదు. బేరాల్లేని వేళ చూసి, నా ఫోన్లో ఉన్న పాటల్ని ఒక్కొక్కటే ఆఖరుసారి విని తీసేశాను. కబురు అందిన కోడలి పాట దగ్గర చాలాసేపు ఆగాను. అమ్మని తీసుకెళ్ళిన రోజు కూడా అంత ఒంటరిగా అనిపించలేదు. తర్వాత అతనికి ఫోన్ చేసి చెప్పాను.

"ఏడిసినావా పిన్నీ?"

"ఏడ్చాను."

"నానూ ఏడిసినాను" అన్నాడు.

కొన్నాళ్ళకి అతను విశాఖ వెళ్ళిపోయాడు. ఫోన్లో కస్టమర్లతో మాట్లాడే ఉద్యోగం. అవతలివాళ్ళు గొంతు వినగానే సార్ అంటారట, ఎవరూ ఒక్క క్షణం కూడా ఆగి ఆలోచించరట. అది చెప్పినప్పుడు నెమ్మదిగా ఉన్నాడు. ఇంటికి మాత్రం వెళ్ళడం లేదు.

నిరుడు వాళ్ళ అమ్మ మా దుకాణానికి వచ్చింది. బంధువుల పెళ్ళికి బట్టలు కొనడానికి విజయనగరం వచ్చి, అడుగుతూ అడుగుతూ నన్ను వెతుక్కుంది. ఎండకి నల్లబడ్డ మనిషి. జాకెట్టు ముక్క చూపించమని, చూపించినవి చూడకుండా, నీ ఫోన్లో మా బిడ్డ పాటలేవైనా ఉన్నాయా అని అడిగింది. లేవన్నాను.

"నా ఫోన్లోవి కూడా వోడే తీసేసినాడు. ఒక్కటి ఉంచరా అన్నాను. ఇన్లేదు. ఎల్లిపోయినాడు" అంది.

ఆవిడ ఏడుస్తూ అంటోంది, ఏమన్నదో ఆవిడకి తెలియదు. నేను గుర్తు చెయ్యలేదు. మంచినీళ్ళిచ్చాను. ఆవిడ బస్సు కోసం ఆర్టీసీ కాంప్లెక్సుకి వెళ్ళే ఆటో ఎక్కాక అతనికి ఫోన్ చేసి, అమ్మ అన్న మాట అన్నట్టే చెప్పాను.

"మళ్ళీ సెప్పు. వోడు అన్నాదా?"

"అన్నాది" అన్నాను.

అప్పుడైనా ఇంటికి వెళ్తాడనుకున్నాను. వెళ్ళలేదు. ఆవిడా మళ్ళీ రాలేదు. మొన్న మాట్లాడినప్పుడు, పాడకపోతే పోనీ, మాటలైనా చెప్పు, రాసుకుంటాను అన్నాను. ప్రయత్నించాడు. రెండు మూడు వరసలు చెప్పి ఆగిపోయాడు. రాగం లేకుండా తర్వాతి మాట గుర్తు రావడం లేదు పిన్నీ అన్నాడు. వాళ్ళ ఊళ్ళో ఈసారి ఉభాలు మిషన్లతో వేశారట.