నాలుగో గేరు

ఇక మోయలేక రాస్తున్నాను. ఇన్నేళ్లు ఎలా మోశావంటే చెప్పలేను. తిన్నాను, పడుకున్నాను, పిల్లల పెళ్లిళ్లు చేశాను, ఫొటోల్లో నవ్వాను. కడుపులో ఇంత పెట్టుకున్నవాడు నవ్వుతాడా? నేను నవ్వాను. మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యమే ఉంటే మీదాకా వచ్చేవాణ్ని కాదు.

తొంభైల మొదట్లో నాచారంలో నాకొక షెడ్డు ఉండేది. పాత అంబాసిడర్లలో పెట్రోలు ఇంజను తీసేసి డీజిల్ ఇంజను ఎక్కించడం, దానికి ఇంకేదో బండి అయిదు గేర్ల బాక్సు తగిలించడం నా పని. ఆ ఇంజనూ ఆ గేరుబాక్సూ ఒకదానికోసం ఒకటి చేసినవి కావు, బోల్టు రంధ్రాలు కూడా కలవవు. మధ్యలోకి ఒక ఇనప ప్లేటు కోయించి, అటు దాన్నీ ఇటు దీన్నీ దానికి బిగించాలి. "ఏ ఇంజనన్న తేండ్రి, ఏ బాక్సన్న తేండ్రి, లగ్గం జేసి పంపిస్త" అని ఉప్పల్ దాకా గొప్పలు పోయేవాణ్ని. మేస్త్రీ అంటే నువ్వేనని నలుగురూ అనేసరికి తలకెక్కింది.

ఆ ప్లేటు ఇంజను షాఫ్టుకు సరిగ్గా నడిమధ్యన కూర్చోవాలి. వెంట్రుకవాసి పక్కకు జరిగినా గేరు నిలవదు. సరిగ్గా కూర్చుందో లేదో చూడ్డానికి డయల్ గేజి అని, ముల్లుతో తిరిగే చిన్న పనిముట్టు ఉంటుంది. నా దగ్గరా ఉంది. కొత్తలో ప్రతి బండికీ పెట్టేవాణ్ని. వేలితో తడిమి చెప్పేస్తాడని పేరొచ్చాక, గేజి బయటికి తీయాలంటే నామోషీ. ఎవరి ముందు నామోషీ? ఏం మునిగిపోయేది?

యేసురత్నం రామంతాపూర్‌లో ఉండే ట్యాక్సీ డ్రైవరు. జనగామ వైపు పల్లెటూరివాడు. ఏళ్ల తరబడి పరాయివాళ్ల బండ్లు నడిపి, చివరికి సొంతంగా ఒక పాత అంబాసిడర్ కొనుక్కుని నా దగ్గరికి తెచ్చాడు. దానికీ వేలితోనే తడిమి బిగించాను. కొన్నాళ్లకు తిరిగొచ్చి, యాక్సిలేటరు మీద కాలు తీస్తే నాలుగో గేరు దానంతటదే జారిపోతోందన్నాడు. ఎందుకో నాకు వెంటనే తెలిసింది. బాక్సు దింపి, గేజి పెట్టి, ప్లేటు సరిచేయాలి. కానీ షెడ్డు నిండా జనం. వాళ్ల ముందు నా పని తప్పని నా నోటితో ఎలా అంటాను?

మా పనిలో ఒక చిట్కా ఉంది. సైకిల్ ట్యూబు ముక్క కోసి, నాలుగో గేరు వేశాక రాడ్డును సీటు కిందికి లాగి కడతాం. ఆ రబ్బరు లాగి పట్టుకున్నంతసేపు గేరు జారదు. అరిగిపోయిన బాక్సుతో ఇల్లు చేరడానికి పనికొచ్చే ఉపాయమది. దాన్ని నేను బిగించిన బండికే కట్టి, నాలుగు రోజులు తిరిగితే అదే కుదురుకుంటుందని చెప్పి పంపాను. నమ్మి వెళ్లాడు పిచ్చోడు.

ఒక ఆదివారం భార్య మరియమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ఘట్‌కేసర్ అవతలి చుట్టాలింటి నుంచి తిరిగొస్తున్నాడు. దిగుడులో ట్యూబు తెగింది, గేరు జారింది. ఇంజను పట్టు వదిలేసిన బండి బ్రేకుకు ఆగకుండా ఉరికి, ఆగి ఉన్న లారీ కిందికి దూరింది. మరియమ్మ అక్కడే పోయింది. రత్నానికి తల పగిలింది.

బండిని లాక్కురమ్మని నాకే కబురొచ్చింది. వెళ్లగానే నేను చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? వేలాడుతున్న ట్యూబు ముక్కలు విప్పి జేబులో పెట్టుకోవడం. సీటు మీద నెత్తురు ఇంకా ఆరలేదు. తర్వాత బండి చూడ్డానికి వచ్చిన ఇనస్పెక్టరు గేరు న్యూట్రల్‌లో ఎందుకుందని అడిగితే, దిగుడులో డీజిల్ మిగులుతుందని మా డ్రైవర్లు అలా వదులుతారు సార్ అన్నాను. నిజంగానే అందరూ వదిలేవాళ్లు. అందుకే ఆయన మారుమాట అడగలేదు. కేసు రత్నం మీద పడింది.

దవాఖానాకు వెళ్లాను. తలకు కట్టుతో పడుకుని ఉన్నాడు. ఆ దిగుడు సంగతి అతనికి ఏమీ గుర్తు లేదు.

"అన్నా, ట్యూబు కట్టే ఉండె గదనే. మరి న్యూట్రల్‌ల ఎట్ల పడ్డది?"

"ట్యూబేంది రత్నం? నేన్ బోయేసరికి బండిల ఏం లేకుండె. నువ్వే ఇప్పి న్యూట్రల్ జేసినట్టున్నవ్."

తలకున్న కట్టు మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"నాకేం యాదికొస్తలేదే. అంటే... మరియను నేనే సంపుకున్ననా?"

"ఊకో. కావాలని జేసినవా ఏంది."

ఓదార్చాను! ఛీ, ఆ మాట గుర్తొస్తే నా నాలుక నాకే రోత పుడుతుంది. నిజం చెప్పడానికి అంతకంటే మంచి అదను ఏముంది? నా చెయ్యి పట్టుకుని ఏడుస్తుంటే, ఎప్పుడు వదులుతాడా, ఎప్పుడు బయటపడదామా అని చూశాను.

తుక్కైన ఆ బండి చివరికి నా షెడ్డుకే వచ్చింది. ఒక్కణ్నే కూర్చుని గేజి పెట్టాను. ముల్లు పక్కకు పరిగెత్తింది. గుద్దుడుకు ప్లేటు జరిగిందేమో, దేవుడా, అదే అయి ఉండాలి అనుకున్నాను. కానీ కదిలితే తెలియాలని బిగించగానే బోల్టుల మీద నేను పూసిన రంగు చెక్కు చెదరలేదు. అంటే బిగించిన రోజు నుంచీ అది అలాగే ఉంది.

రత్నం మళ్లీ స్టీరింగు ముట్టలేదు. ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా ఉన్నాడు. నేను కనిపిస్తే లేచి నిలబడి "బాగున్నవా అన్నా" అనేవాడు. అతని బిడ్డ సునీత అప్పటికి బడికి వెళ్లే పిల్ల. డీజిల్ చుక్కల కోసం అమ్మను చంపాడని తండ్రితో మాట్లాడడం మానేసింది. పెద్దదయ్యాక గడప తొక్కడం కూడా మానేసింది. ఆ పిల్ల మనసు మార్చడానికి నా ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాటా అనలేదు.

ఈమధ్యే రత్నం పోయాడు. శవపెట్టెకు భుజం పట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. సునీత సమాధుల తోట గేటు బయటే నిలబడింది, లోపలికి రాలేదు, మట్టి వేయలేదు. పది అడుగులు నడిస్తే ఆమె దగ్గరికి చేరేవాణ్ని. చెప్పులు వేసుకుని ఇంకో దారిన ఇంటికొచ్చాను.

నన్ను క్షమించమని అడగను. క్షమించగలిగినవాళ్లిద్దరూ మట్టిలో ఉన్నారు. రేపే సునీత ఇంటికి వెళ్తానని కూడా రాయను. అలా చాలాసార్లు చొక్కా తొడుక్కుని మళ్లీ విప్పాను. కానీ ఒక్క మాట ఎక్కడైనా ఒకసారి పూర్తిగా అనాలి, నా చేత్తో రాయాలి. మరియమ్మను రత్నం చంపలేదు. నేను చంపాను. చంపి, అతను బతికున్నన్నాళ్లూ అది తనే చేశాడని అతన్నే నమ్మించాను.