భద్రాచలం బస్సు వచ్చింది

నా చిన్నప్పుడు మేము పాల్వంచలో కంపెనీ క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. మా నాన్న, పక్కింటి మామయ్య ఒకే షిఫ్టులో పనిచేసేవారు. ఆ మామయ్య కోడలినే నేను అక్కా అని పిలిచేదాన్ని. పెళ్ళయిన నెలన్నరకే బావ తిరిగి మిలిటరీకి వెళ్ళిపోయాడు. ఎక్కడో మంచుకొండల్లో డ్యూటీ. సెలవు దొరికితే క్రిస్మస్‌కు వస్తానని రాశాడు. ఆ తరువాత ఉత్తరం లేదు. వస్తాడో రాడో తెలియక అక్క ఆ డిసెంబరంతా వీధి వైపు చూస్తూనే పనులు చేసుకుంది.

పండుగ ముందురోజు మధ్యాహ్నం అమ్మ ఏదో తెమ్మంటే రోడ్డు మీదికి వెళ్ళాను. కొత్తగూడెం బస్సులోంచి మిలిటరీ బట్టల్లో ఒకాయన నల్ల ట్రంకుపెట్టెతో దిగాడు. ముఖం సరిగా చూడనే లేదు. వెనక్కి పరుగెత్తుకొచ్చి, "అక్కా, బావ వచ్చిండు!" అని అరిచాను.

అక్క అరిసెల పిండి చేతులతోనే లేచింది. చెప్పులు కూడా వేసుకోలేదు. కొత్త కోడలు అలా రోడ్డు మీద పరుగెత్తడం మా కాలనీలో ఎవరూ చూసి ఉండరు. దగ్గరికి వెళ్ళేసరికి ఆయన ఇటు తిరిగాడు. బావ కాదు.

అక్క అక్కడే నిలబడిపోయింది. నాకు ఏడుపొచ్చింది. తిడుతుందనుకున్నాను. నావైపు చూడనైనా చూడలేదు. కొంగుతో చేతులు తుడుచుకుని, "ఏడికి పోవాలన్నా?" అని ఆయన్ని అడిగింది.

"భద్రాచలం దాటి చర్లకు పోవాలె చెల్లె. ఇంటికి పోయి, మీ వదినను చూసి ఏడాదాయె."

"బస్సుకు ఇంకా టైముంది. మా ఇల్లు గీడనే. బువ్వ తిని పోదువు రా."

బావ వస్తాడన్న ఆశతో అక్క వాళ్ళ అత్తమ్మ పొద్దున్నే కోడికూర వండింది. దాన్నే ఆయనకు వడ్డించారు. మాటల్లో తెలిసింది, ఆయన పనిచేసేదీ బావ ఉన్న కొండల దగ్గరేనని. ఇక అక్క ఆగలేకపోయింది.

"బాగా చలా అన్నా? నిద్ర పడతదా? ఉత్తరాలెందుకు వస్తలేవు?"

"మంచు పడి తొవ్వ మూసుకుంటే ఉత్తరాలు కదలయి చెల్లె. రాయక గాదు, గాడనే ఆగిపోతయి."

అక్క తల వంచుకుంది. మళ్ళీ ఎత్తి ఇంకేదో అడగబోయింది. అంతలో బస్సు హారన్ వినిపించింది. అది తప్పితే భద్రాచలంలో చర్ల ఆఖరి బస్సు అందదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. అయినా, "పోనియ్ చెల్లె, రేపు పోత. అడుగు, నాకు తెలిసిందంత చెప్త," అన్నాడు.

అక్క గబగబా అరిసెలు కాగితంలో చుట్టి ఆయన చేతిలో పెట్టింది. "వద్దన్నా, జల్దీ నడువు. వదిన చూస్తుంటది," అంటూ పెట్టెకు ఒకవైపు తానే చెయ్యి వేసింది. బస్సు కదిలి, మలుపు తిరిగి, దుమ్ము అణిగేదాకా అక్కడే నిలబడింది.

తిరిగి వస్తూ నేను ఉండబట్టలేక, "ఆయన చెప్తనన్నడు గదక్కా, ఎందుకు అడగలే?" అన్నాను.

"నేను ఇంకో మాట ఇంటే, ఆడ ఆమెకు ఒక పూట తక్కువైతదే," అంది. అప్పుడు ఏడ్చింది, నడుస్తూనే.

ఆ క్రిస్మస్‌కు బావ రాలేదు. పండుగనాడు చర్చిలో దూరాన ఉన్నవాళ్ళ కోసం ప్రార్థన చేస్తుంటే అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నా పొరపాటును ఆ రోజే కాదు, ఎన్నడూ ఎత్తి చూపలేదు. ఎండలు ముదిరే వేళకు బావ వచ్చాడు, ముప్పై రోజుల సెలవు మీద. అందులో ఆరు రోజులు దారికే పోయాయి.

నాకిప్పుడు అరవై దాటాయి. ఇంటికొచ్చినవాళ్ళు వెళ్తామని లేస్తే "అప్పుడేనా? ఇంకాసేపు కూర్చోండి" అనడం మన మర్యాద. నాకు ఆ మాట నోటికి రాదు. వాళ్ళ సంచి అందుకుని గేటు దాకా నేనే ముందు నడుస్తాను. ఈమెకు మర్యాద తెలియదని చుట్టాల్లో అనుకుంటారట. అనుకోనీ. వాళ్ళ కోసం ఏ గడపలో ఎవరు నిలబడి ఉన్నారో నాకు తెలియదు కదా.