హౌసీ ఆటకు కట్టిన గోచి చీర

నా మనవడు చీర కట్టుకొని స్టేజీ ఎక్కితే నలుగురి ముందే కిందికి గుంజుతానన్నాడు నా కొడుకు. పొద్దున సద్దన్నం ముందు కూర్చొని అన్న మాట అది. అనేసి, తినకుండానే లేచిపోయాడు. మెతుకు వదిలి లేవడం మా ఇంట్లో నేను ఎవరికీ నేర్పలేదు. అందుకే ఆ మాట ఉత్తది కాదని నాకు అర్థమైంది. పళ్లెం మీద మూత పెట్టాను.

మాది మట్టెవాడ. మా వాడకు ఒక బ్యాండు ఉంది. పగలు మరమగ్గాల మీద పనిచేసేవాళ్లు, ఆటోలు నడిపేవాళ్లు కలిసి వాయిస్తారు. పెండ్లిళ్లకు పైసలు తీసుకుంటారు, బతుకమ్మకు తీసుకోరు, లేనివాళ్ల ఇంట చావైతే అసలు ఆ ఊసే ఎత్తరు. నా కొడుకు అందులో క్లారినెట్ వాయిస్తాడు. పోయిన వానలకు సామాను పెట్టిన గది కురిసి పెద్ద డ్రమ్ము పాడైపోయింది. కొత్తది కావాలి. ఇల్లిల్లూ తిరిగి చందా అడగడానికి అందరికీ మొహమాటం. అప్పుడు నా మనవడు హౌసీ ఆడిద్దామన్నాడు. టికెట్టు మీద అంకెలుంటాయి. పిలిచేవాడు డబ్బాలోంచి ఒక్కో అంకె తీసి చెబుతాడు. మన టికెట్టులో ఆ అంకె ఉంటే కొట్టేసుకోవాలి. అందరికంటే ముందు అన్నీ కొట్టేసినవాళ్లదే గెలుపు.

అంతవరకు బాగానే ఉంది. పిలిచేవాడు తానేననీ, అదీ ఆడ వేషం కట్టి పిలుస్తాననీ వాడు ఇంట్లో నాకు ఒక్కదానికే చెప్పాడు. వేరే దేశాల్లో అట్లా చేసి చందా పోగు చేస్తారట, ఫోన్లో చూశాడట.

"దాన్నేమంటరురా?" అని అడిగాను.

"డ్రాగ్ బింగో అంటరు బాపమ్మా."

"పాంటేసుకొని పిలిస్తే అంకెలు రావా?"

"అంకెలొస్తయి. జనం రారు."

వాడికి ఇరవై దాటాయి. చౌరస్తాలో బట్టల దుకాణంలో పని. రోజూ ఆడవాళ్ల ముందు చీరలు తన భుజం మీద వేసుకొని చూపించేవాడే. నా చీర అడిగితే నేను ఇస్తాననలేదు, ఇవ్వననీ అనలేదు. వాడే, పోనీ కొత్తది కొనుక్కుంటానన్నాడు. ఒక్క పూట వేషానికి కొత్త చీర కొనేవాడికి నా ఇంట్లో అన్నం పెట్టను. లేచి పెట్టె తీశాను.

అందులో ఉన్నది ఎనిమిది గజాల గోచి చీర. మా ఆయన గుంట మగ్గం మీద నాకోసం నేసింది. ఆయన పోయిన తర్వాత నేను కట్టలేదు. ఎవరికీ ఇవ్వలేదు కూడా.

నేను పుట్టింది కేసముద్రం దిక్కు. మా చిన్నప్పుడు భాగోతం ఆడితే రాణి వేషం మగవాళ్లే కట్టేవారు. మీసం తీసేసి రాత్రంతా రాణిగా ఏడ్చినాయన మరునాడు మా పక్కింట్లో మగ్గం గుంటలో కూర్చొని నేసేవాడు. ఆయనను ఎవరూ ఏమీ అనలేదు. ఇప్పుడు ఎందుకంటారో నాకు తెలియదు. కానీ అంటారు. నా కొడుకు భయం అదే. ఆ రోజు పొద్దున టీ కొట్టు దగ్గర ఎవడో వాడిని, "నీ కొడుకు ఇయ్యాల ఏం చీర కడుతాండే?" అని అడిగాడట. అందరూ నవ్వారట. నా కొడుక్కి సంగతి అట్లా తెలిసింది.

పొద్దుగూకాక, హౌసీ పెట్టిన మా వాడ హాలు వెనక గదిలో మనవడికి చీర కట్టాను. మా ఆడవాళ్ల కట్టు వేరు. రాట్నం ముందు కూర్చొని నేతకు నూలు కండెలు చుట్టేవాళ్లం. వదులు కొంగు రాట్నంలో పడిందంటే మనిషిని గుంజేస్తుంది. అందుకని ముందు నడుముకు చెరగుతో ముడి వేస్తాం. ఆ ముడి మీదే మిగిలిన చీర నిలబడుతుంది. కుచ్చిళ్లు కాళ్ల నడుమ నుంచి వెనక్కి తీసి నడుములో చెక్కుతాం. కొంగు చినిగితే చినగాలి గానీ చీర ఊడకూడదు. మా అత్త నాకు అట్లాగే నేర్పింది.

"జర ఊపిరాడనియ్యే" అన్నాడు వాడు.

"ఊపిరి తర్వాత పీల్చుకో. పొట్ట లోపలికి తీయి."

భుజం మీద కొంగుకు పిన్ను పెట్టుకోబోయాడు. వద్దన్నాను. పిన్ను పెడితే పోగు తెగుతుంది. నేను కోడలిని పిలవడానికి అటు తిరిగేసరికి పెట్టేసుకున్నాడు. అది నేను తర్వాత చూశాను.

"బాపు వస్తడా?" అని అడిగాడు, అద్దంలో బొట్టు పెట్టుకుంటూ.  బొట్టు రెండుసార్లు తుడిచి పెట్టుకున్నాడు.

"వస్తె వస్తడు. నువ్వు అంకెలు సక్కగ చూసి పిలువు."

హాలు నిండిపోయింది. ఆడవాళ్లే ఎక్కువ. స్టేజీ మీద ఒక పక్కన బ్యాండు వాళ్లు కూర్చున్నారు. నా కొడుకు కుర్చీ ఖాళీగా ఉంది. దాని మీద క్లారినెట్ పెట్టె మాత్రం పెట్టారు. కోడలు నా పక్కన కొంగు నోట్లో కుక్కుకొని కూర్చుంది. తలుపు వైపు చూడొద్దని దానికి చెప్పాను. నేను మాత్రం చూస్తూనే ఉన్నాను.

మనవడు స్టేజీ మీదికి రాగానే ఈలలు పడ్డాయి. ఏ రకం ఈలలో నాకు అర్థం కాలేదు. వాడు డబ్బా ఊపుతూ నడుము మీద చేయి పెట్టి నిలబడ్డాడు.

"ఇరవై రెండు! ఇద్దరు తోటికోడండ్లు, మొకం మొకం చూసుకోరు, గని పక్కపక్కనే కూసుంటరు."

ఆడవాళ్లు పకపకా నవ్వారు. వెనక నుంచి ఒకడు, "ఓ పిల్లా, నీకు పెండ్లయిందా?" అన్నాడు.

"మా బాపమ్మను అడుగన్నా. ముందల కూసున్నది. కట్నం నువ్వే ఇయ్యాలె, పిసినారి ముసల్ది."

అందరూ నావైపు తిరిగి నవ్వారు. నేను నవ్వలేదు. అందరూ పెన్నుతో అంకెలు కొట్టేసుకుంటున్నారు. నేను మాత్రం ఇంటి నుంచి తెచ్చిన చింతగింజలు ఒక్కో అంకె మీద పెట్టుకుంటున్నాను. కాగితం ఖరాబు చేయడం దేనికి? తర్వాతి ఆటకు పనికొస్తుందని నేననుకున్నాను. ఆటకో టికెట్టు కొనాలట. ఆ సంగతి ఎవరూ ముందు చెప్పలేదు.

గింజలు సగం పెట్టానో లేదో, తలుపు దగ్గర నా కొడుకు కనిపించాడు. మరమగ్గం పని మీది నుంచి నేరుగా వచ్చాడు. తలలో దూది పీచు అట్లాగే ఉంది. ఎవరినీ చూడకుండా కుర్చీల నడుమ నుంచి ముందుకు వచ్చాడు. మనవడు చూశాడు.  "నలభై," అన్నాడు, ఆగాడు. "నలభై ఒకటి." ఆ అంకె నా టికెట్టులో ఉంది. గింజ నా వేళ్ల మధ్యనే ఉండిపోయింది.

నా కొడుకు స్టేజీ ఎక్కాడు.

"దిగు."

"ఆట నడుస్తాంది బాపూ. అయిపోనియ్యి."

"దిగుమన్ననా లేదా?"

వాడు కదల్లేదు. నా కొడుకు వాడి కొంగు పట్టుకొని గుంజాడు. భుజం దగ్గర చర్రుమంది. మనవడు సగం తిరిగిపోయాడు, చేతిలో డబ్బా ఊగి అంకెల బిళ్లలు గలగలమన్నాయి. చీర మాత్రం ఊడలేదు. ముడి నిలబడింది. నా కొడుకు మళ్లీ గుంజాడు. మళ్లీ ఊడలేదు. వెనక ఎవరో కిసుక్కున నవ్వి ఆపేశారు. డ్రమ్ము వాయించే పిల్లగాడు పుల్లలు కింద పెట్టి లేవబోయాడు. వాడు లేస్తే అది కొట్లాట అవుతుంది. మరునాటి నుంచి తండ్రీ కొడుకులు ఒకే చూరు కింద ఉండరు.

నేను లేచాను. ఒళ్లోని గింజలన్నీ నేల మీద పడ్డాయి.

"ఇడువు," అన్నాను.

"అవ్వా, నువ్వు నడిమిట్ల రాకు."

"నీ కొడుకు సంగతి నేనంటలేను. ఇంటికి పోయినంక మీరిద్దరు ఏమన్న చేసుకోండ్రి. నేను చీర సంగతంటాన. అది చినిగితే మళ్ల నేసెటోడు లేడు. చేతిల ఏం పట్టుకున్నవో జర చూసుకో."

వాడు చేతివైపు చూశాడు. ఆ కొంగు అంచుకు కండెలు చుట్టింది వాడే, నిక్కరేసుకునే వయసులో. సరిగ్గా చుట్టలేదని వాళ్ల నాన్న చేతిలో దెబ్బలు కూడా తిన్నాడు. వాడికి అది గుర్తొచ్చిందో లేదో నేను అడగలేదు. పిడికిలి మాత్రం వదిలాడు.

 మనవడు కొంగు తెచ్చి నడుములో చెక్కుకున్నాడు. డబ్బాలో చేయి పెట్టాడు. బిళ్ల తీసి చాలాసేపు చూశాడు.

"డెబ్బై ఐదు," అన్నాడు.  "మా బాపమ్మ ఈడు. ఇప్పుడు కోపంల ఉన్నది, ఎవ్వలూ పోయి అడగకుండ్రి."

ముందు వరుసలో ఒకామె నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు. నా కొడుకు స్టేజీ మీద అట్లాగే నిలబడి ఉన్నాడు. దిగి వెళ్లాలంటే అంతమంది ముందు నుంచి వెళ్లాలి. దగ్గరలో ఉన్నది ఆ ఒక్క ఖాళీ కుర్చీ. పోయి అందులో కూర్చున్నాడు, పెట్టె ఒళ్లో పెట్టుకొని. ఆట నడుమ బ్యాండు వాయించినప్పుడు వాడు పెట్టె తెరవలేదు. రెండో పాట సగంలో ఉండగా తెరిచాడు. వాయించాడో, పెదవులకు ఆనించి కూర్చున్నాడో, ఆ మోతలో నాకు తెలియలేదు.

గెలిచింది ఒక ఆటో అతని భార్య. నా టికెట్టు ఎటూ కాకుండా పోయింది. చింతగింజలు మాత్రం కుర్చీల కింద వెతికి ఏరుకున్నాను.

మరునాడు కుంకుడు నీళ్లలో చీర జాడించి ఆరేశాను. ఎనిమిది గజాల చీర ఒక్కరు మడవలేరు. అవతలి కొస పట్టుకునే మనిషి కావాలి. మనవడు దుకాణానికి వెళ్లాడు, కోడలు నీళ్ల దగ్గర ఉంది. నా కొడుకు గడపలో కూర్చొని ఉన్నాడు. రాత్రి నుంచి కొడుకుతో మాట్లాడలేదు, కానీ పొద్దున సద్దన్నం తిన్నాడు.

"కొంగు దిక్కు పట్టుకో," అన్నాను.

లేచి పట్టుకున్నాడు. దులిపాం, గుంజి సాపు చేశాం. కొంగు దగ్గరికి వచ్చేసరికి వాడు ఆగాడు. భుజం మీద పిన్ను పెట్టిన చోట వేలు దూరేంత చిల్లి.

"ఇంకోసారి కట్టుకుంటే పిన్ను పెట్టనియ్యకు," అన్నాడు.

"ఇంకోసారి కట్టుకుంటడా?"

"నాకేమెరుక? హౌసీ మళ్ల పెడుతరంటాండ్లు."

"ఈ చిల్లి పిన్నుదా, నీ గుంజుడుదా?"

వాడు కొంగు నా చేతిలో పెట్టాడు. లోపలికి వెళ్లి ఆ రంగు పోగు కోసం దారాల డబ్బా అంతా తిరగేశాడు. సూదిలో దారం ఎక్కించుకొని వచ్చి, చీర ఒళ్లో వేసుకొని రఫూ చేయడానికి కూర్చున్నాడు. వాళ్ల నాన్నలాగే పని మీద మెడ బాగా వంచుతాడు.

"వంకర పోతాంది," అన్నాను. "వెలుతురు దిక్కు తిరుగు."

తిరిగాడు.