జల్లెడ మీద మిగిలింది

పోశం గొప్ప ఒకటే. "ముప్పై ఏండ్లు శాంపిళ్లు చేసిన, ఒక్కటి గూడ ఖరాబ్ గాలే." గనిలో బొగ్గు దంచి, జల్లించి, పరీక్షకు పంపడం అతని డ్యూటీ. రిటైరయ్యాక గోదావరిఖనిలో నేను అసిస్టెంటుగా ఉన్న కాలేజీ ల్యాబుకు అటెండరుగా వచ్చాడు. ఇక్కడా అదే పాట. వినీ వినీ మా చెవులు చిల్లులు పడ్డాయి.

గోదావరి ఒడ్డున ఉన్న ఓ మడుగును బూడిదతో పూడుస్తామని ఒక కరెంటు కంపెనీ బయల్దేరింది. అనుమతి ఇచ్చే ముందు, అడుగున జీవం ఉందో లేదో తేల్చమని అధికారులు మా కాలేజీని అడిగారు. పోశం బామ్మర్ది ఎల్లన్న బతికేది ఆ మడుగు చేపల మీదే. జంతుశాస్త్రం చెప్పే మహెజబీన్ మేడం అడుగు మట్టి తీయించింది.

"పిడికెడు మట్టిల వేల పురుగులుంటయి కాకా, దారం పోగు కన్న సన్నగ. సముద్రం అడుగున సుత గివే ఎక్కువ. గివి లేకుంటే చేపపిల్లలకు తిండే లేదు. సన్న జల్లెడల కడిగి సీసాల పొయ్యి" అని చెప్పి క్లాసుకు వెళ్లింది.

బొగ్గు పనిలో జల్లెడ దిగిన పొడే శాంపిల్. పోశం అలాగే చేశాడు. కిందికి దిగిన బురదనీళ్లు భద్రంగా సీసాల్లో పోసి, పైన మిగిలింది చెత్త అనుకుని మురుగు మోరీలో పారబోశాడు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఏది దాచాలో మేడం కూడా చెప్పలేదు.

సీసాల్లో ఆమెకు పురుగన్నదే కనిపించలేదు. అదే రాసి పంపింది. వారం తిరక్కుండా లారీలు దిగాయి.

ఆ తర్వాతి సోమవారం మేడం పిల్లలకు జల్లెడ చూపిస్తూ, "మీద ఆగిందే మనకు గావాలె, కిందికి పోయింది ఉత్త బురద" అంది. బల్ల తుడుస్తున్న పోశం చెయ్యి ఆగిపోయింది. అయినా నోరు విప్పలేదు. ముప్పై ఏళ్ల పేరు అడ్డం వచ్చింది. శుక్రవారం పొద్దున్నే మేడం ముందు నిలబడి, చేసింది చెప్పి ఏడ్చాడు. నాకు జాలి కలగలేదు, ఒళ్లు మండింది.

వెంటనే ముగ్గురం మడుగు దగ్గరికి పోయాం. సగం బూడిదే. మిగిలిన సగంలోంచి మట్టి తెచ్చాం. ఈసారి మేడమే కడిగి, పైన ఆగింది తీసి, మైక్రోస్కోపులో పోశానికి చూపించింది. వెంట్రుక లాంటివి, ఒళ్లంతా గీతలున్నవి, తల దగ్గర కుచ్చులున్నవి, మెలికలు తిరుగుతున్నాయి. పదకొండు రకాలు తేలాయి.

"గివన్ని నేనే మోరీల పోసిన్నా మేడం?" అన్నాడు. ఆమె రెండో ఉత్తరం రాయడానికి కూర్చుంది. లారీలు ఆగుతాయో లేదో మాకు తెలియదు.

సాయంత్రం పోశం మడుగు ఒడ్డుకు పోయి ఎల్లన్నకు అంతా చెప్పాడు. నేనూ వెంట ఉన్నాను.

"తెల్వక పారబోసినవ్, సరే" అన్నాడు ఎల్లన్న. "తెలిసినంక గీ నాలుగు దినాలు ఏం జేసినవ్ బావా?"

ఎల్లన్న బూడిద మీద చాలా దూరం నడిచి వెళ్లి, సోమవారం నాడు నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో అక్కడ కర్ర పాతాడు.