సీతాకోకచిలుకల వెనక దాక్కున్న నంబరు

“ఆకుపచ్చ రంగంటే అందులో రాగి ఉండొచ్చు వదినా. క్రోమియం కూడా ఉండొచ్చు. క్రోమియం అయితే అది ఏ రకమో తెలియాలి.”

“నాకు తెలిసిన రకం ఒకటే, సగం తినేసిన రకం. పాపని ఇటివ్వు,” అంది వదిన.

ఏడాది నిండిన మా అమ్మాయి పెదవులు, నాలుక, పైన కొత్తగా వచ్చిన రెండు పళ్లు ఆకుపచ్చగా ఉన్నాయి. చేతిలో క్రేయాన్ ముక్క ఉంది. రెండో ముక్క ఇల్లంతా వెతికినా లేదు. నా భార్య డ్యూటీలో ఉంది. నేను రసాయనశాస్త్రం చదువుకున్నవాణ్ణి. మామూలు తండ్రయితే ఒక్క భయంతో సరిపెట్టుకునేవాడు, నాకు మాత్రం మూలకాల పట్టిక మొత్తం వరసగా గుర్తొచ్చింది. పాపని చంకనేసుకుని మేడమీదికి పరుగెత్తాను.

వదిన అంటే మా అన్నయ్య భార్య. వెబ్‌సైట్లు చేస్తుంది. ఆఫీసంటూ లేదు. భోజనాల బల్లకు ఒక కొసన పెద్ద స్క్రీను, రెండో కొసన ఉల్లిపాయల బుట్ట. మా వీధిలో దుకాణాలకూ, క్లినిక్కులకూ, కరాటే నేర్పే ఆయనకూ పేజీలు ఆమె చేసినవే. కదలకుండా ఉండే పేజీ అంటే ఆమెకు గిట్టదు. “కదలకపోతే అది పేజీ కాదు, గోడ,” అనేది. అందుకే దర్జీ పేజీలో మన వేలు ఎటు వెళ్తే అటు ఒక కత్తెర వెంటపడుతుంది. కళ్లజోళ్ల దుకాణం పేజీలో తెల్లటి తెర మీద లేత పసుపు అక్షరాలు. అదేమిటని అడిగితే, చదవలేనివాళ్లే కదా ఆ దుకాణానికి వచ్చేది అని సమర్థించుకునేది. పని చేయించుకున్నవాళ్లను తన కుర్చీలో కూర్చోబెట్టి, చేతికి టీ ఇచ్చి, పెద్ద స్క్రీను మీద చూపించేది. అలా చూసి బాగాలేదన్నవాడు ఒక్కడూ లేడు.

పిల్లల డాక్టరుగారి నంబరు నా పాత ఫోనుతోపాటే పోయింది. వదిన పాపని ఎడమ చంకలోకి మార్చుకుని, కుడిచేత్తో తన ఫోనులో క్లినిక్ వెబ్‌సైటు తెరిచింది.

ముందు పాట మొదలైంది. పాప చప్పట్లు కొట్టబోయి ఫోనును కొట్టింది. తర్వాత సీతాకోకచిలుకలు ఎగిరాయి. అవి పోయాక, మా కబుర్లు అందుకోవడానికి మీ ఈమెయిల్ ఇవ్వండి అంటూ ఒక పెట్టె తెరంతా పరుచుకుంది. దాన్ని మూసే గుర్తు మూలన ఆవగింజంత ఉంది. వదిన బొటనవేలు దాని మీదికి వెళ్లిన ప్రతిసారీ పక్కన ఇంకేదో నొక్కుకుని, డాక్టరుగారు బహుమతి అందుకుంటున్న ఫోటో వచ్చేది.

“ఈయన సన్మానం ఎవరిక్కావాలి, నంబరేదీ?”

“‘మా ప్రయాణం’ అని ఒకటుంది, అందులో చూడండి వదినా.”

“బిడ్డ రంగు మింగి కూర్చుంటే ఈయన ప్రయాణం నాకెందుకు?”

చివరికి పేజీ అడుగున నంబరు కనబడింది. అది ఫోటో మీద రాసిన నంబరు. నొక్కితే ఫోన్ వెళ్లదు. చూసి కొట్టుకుందామంటే నాలుగంకెలు చదివేలోగా ఆ ఫోటో పక్కకి జరిగి ఇంకోటి వస్తోంది.

“ఎవడయ్యా ఈ ఘనకార్యం చేసింది? వాడికసలు పిల్లలున్నారా?”

చెప్పక తప్పలేదు. “అడుగున మీ పేరే ఉంది వదినా. అదొక్కటే కదలకుండా ఉంది.”

“ఎప్పుడో పెద్ద స్క్రీను మీద చేసింది, ఫోనులో ఎప్పుడూ చూళ్లేదు,” అని గొణిగింది వదిన. ఫోటో మళ్లీ తిరిగొచ్చేదాకా ఆగి, “మొదటి సగం నువ్వు గుర్తుపెట్టుకో, రెండో సగం నేను చూస్తా,” అంది. అలా నంబరు దొరికింది.

డాక్టరుగారు ఫోను ఎత్తగానే నేను అందుకున్నాను. “నమస్కారమండీ. మా పాప పుట్టినప్పుడు బరువు రెండు కిలోల ఎనిమిది వందలండీ. మధ్యలో ఓసారి జలుబు చేసింది. పొద్దున పాలు బాగానే తాగింది.”

“సంతోషమండీ. ఇప్పుడేమైంది?”

“అక్కడికే వస్తున్నానండీ. ఆకుపచ్చ రంగుల్లో సాధారణంగా…”

వదిన ఫోను లాక్కుంది. “ఏడాది పాపండీ. పిల్లల క్రేయాన్ సగం తినేసింది. దగ్గు లేదు, వాంతి లేదు, నవ్వుతోంది. తీసుకురమ్మంటారా?”

డబ్బా మీద ఏం రాసుందో చదవమన్నారాయన. నేను కిందికి పరుగెత్తి, విషరహితం అని రాసి ఉన్న డబ్బాను పైకి తెచ్చాను.

“అయితే భయం లేదమ్మా. నోరు తుడిచి నీళ్లు పట్టండి. వాంతులైనా, ఊపిరి ఇబ్బందైనా వెంటనే తీసుకురండి. రేపు డైపరు ఆకుపచ్చగా ఉంటే మాత్రం ఆ అబ్బాయిని నాకు ఫోన్ చేయొద్దనండి.”

ఆ వారమే వదిన క్లినిక్ పేజీని విప్పి పోగులుపెట్టింది. పాట తీసేసింది. ఈమెయిల్ అడిగే పెట్టె తీసేసింది. నంబరును అన్నిటికన్నా పైన, పెద్ద అక్షరాలతో, నొక్కితే ఫోన్ వెళ్లేలా పెట్టింది. డాక్టరుగారు ఒప్పుకోలేదు.

“సీతాకోకచిలుకలంటే పిల్లలకి ఇష్టం కదమ్మా.”

“ఫోన్ చేసేది పిల్లలు కాదండీ,” అని వదిన మా పాపని ఆయన చంకన పెట్టి, పాత పేజీ తెరిచిన ఫోను చేతికిచ్చింది. “మీ నంబరు మీరే పట్టుకోండి చూద్దాం.”

పాప ఆయన కళ్లజోడు పట్టుకుంది. ఆయనకు నంబరు చిక్కలేదు. ఆ పూటే పేజీలోంచి సీతాకోకచిలుకలు పోయాయి.

ఇప్పుడామె పెద్ద స్క్రీను మీద ఎవరికీ ఏదీ చూపించదు, పాపని చంకనెత్తుకుని ఫోనులో చూసుకోమంటుంది. “మరిదీ, పాపని ఓ పావుగంట పంపు, మంచాల దుకాణమాయన వచ్చాడు,” అని పైనుంచి కేక వస్తుంది. పాప నిద్రపోతుంటే బదులుగా వాళ్లచేత నీళ్ల డబ్బా ఎత్తిస్తుంది. దర్జీ ఒక్కడే లొంగలేదు. డబ్బా మోస్తూ, కత్తెరను తప్పించుకోలేక చెమటలు కక్కాడు గానీ దాన్ని తీయనివ్వలేదు.

పేజీలు బాగుపడ్డాక వదిన దృష్టి నా మీద పడింది. “అన్నిటికీ పాట తీసేశాను. నువ్వొక్కడివే ఇంకా పాటతో తెరుచుకుంటున్నావు,” అంది. మొన్న పాప ముక్కులో పెసరగింజ పెట్టుకుంది. డాక్టరుగారి నంబరు నొక్కేముందు, వదిన ఆరోజు నేర్పిన మాటలు మనసులో అనుకుని, అలాగే చేశాను.

“ముందు ఏమైందో చెప్పు. తర్వాత ఏం చేయమంటారో అడుగు. ఆపైన నోరు మూసుకో. మిగతావి వాళ్లకు కావాలంటే వాళ్లే అడుగుతారు.”