గొర్రె నోట్ల నేను పెట్టిన పండ్లు

నేను తాండూరుల డ్రాయింగ్ సార్ను. మా ఇంటోళ్లందరిది బట్టల దుకాణం, జీవాలతోటి నాకు పొత్తే లేదు. ఈ ముచ్చట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతోటి తల ఎత్తబుద్ధి కాదు. అయినా చెప్త.

నాలుగు వందల ఏండ్ల కింద ఐరోపాల రాగిరేకు మీద చెక్కి అచ్చేసిన జంతువుల బొమ్మలంటే నాకు పిచ్చి. నెట్ల దొరికినవి ప్రింట్లు తీయించి క్లాసు గోడ నిండ అంటించిన. ఒక్కొక్క వెంట్రుక లెక్కపెట్టొచ్చు, గంత సన్నపు గీత. అండ్ల ఒక గొర్రె నోరు తెరిచి ఉంటది, మీద కింద పండ్ల వరుస.

వికారాబాద్ల జిల్లా పోటీకి బడికి ఒక్క బొమ్మే పంపాలె. బంట్వారం దిక్కు నుంచి వచ్చే తొమ్మిదో తరగతి పిల్ల, గొర్లు కాసే ఇంటి బిడ్డ, అరుస్తున్న గొర్రెను గీసి తెచ్చింది. మస్తుగుంది. కానీ నోట్ల కింది పండ్లే ఉన్నయి.

"ముంగట మీది పండ్లేవి?" అన్న.

"గొర్రెకు మీద ఉండనే ఉండయి సార్. కింది పండ్లు చూసే మా నాయిన దాని వయసు చెప్తడు."

నాకు ఎక్కడలేని కోపమొచ్చింది. "గోడ మీద చూడు. గంత పెద్దోళ్లు చెక్కింది తప్పు, నీది ఒప్పా?" అని క్లాసంత నవ్వేటట్టు అన్న. పెన్ను తీసి ఆమె బొమ్మ మీదనే మీది పండ్లు నల్లగ దిద్దిన. ఆ చెక్కినోళ్లల్ల చానామంది జంతువును చూడకుంటనే ఒకరిది చూసి ఒకరు దించినోళ్లని పాఠం చెప్పింది గూడ నేనే!

ఆ పిల్లను తీసుకొని పోటీకి పోయిన. అక్కడి జడ్జి ఒకాయన పశువుల డాక్టరు. బొమ్మను చేతిల పట్టుకొని పకపక నవ్విండు. "గొర్రెకు గుర్రం పండ్లు పెట్టిందెవరమ్మా?"

ఆ పిల్ల నా దిక్కు చూసింది. నేను ఫ్యాను దిక్కు చూసిన. థూ, ఏం బతుకు నాది! ఒక్క మాట అంటే అయిపోతుండె.

"నేనే సార్," అన్నది.

బొమ్మ పక్కకు పెట్టిండ్రు. తిరుగు బస్సుల ఆమె కిటికీ పక్కన కూసున్నది, నేను మూడు సీట్ల ఎనక కూసున్న. తెల్లారి క్లాసుల అందరి ముంగట తప్పు ఒప్పుకుందామనుకున్న. పోయిన, హాజరు తీసుకున్న, వచ్చిన. గోడ మీది గొర్రెను మాత్రం పీకేసిన, నేరమంత దానిదే అన్నట్టు.

మొన్న బర్రెను గీయమన్న. పిల్లలందరు వంగి గీస్తున్నరు. ఆమె లేచి వచ్చి తెల్లకాగితం నా ముంగట పెట్టింది.

"మీరే గీయుండ్రి సార్. నేను రంగులేస్త."