రెండు నదుల పటంతో మహదేవపుర నుంచి పీణ్య దాకా

ఆరేళ్లుగా రాస్తున్న నా నవల తీరా అచ్చుకు వెళ్లే ముందు ఒక నది దగ్గర ఆగిపోయింది. ఆ నది సంగతి తేల్చుకోవడానికే పోయిన శనివారం మహదేవపుర నుంచి పీణ్యకు వెళ్లాను. బెంగళూరు పొలిమేర కూడా దాటని ప్రయాణానికి ఇంత వ్యాసమా అని నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఊహాలోకం కథలు రాయాలని పటాలు గీసుకుంటున్నవాళ్లు మాత్రం ఓపిగ్గా చివరిదాకా చదవండి. నేను చేసిన పొరపాటు మీరు చేయకుండా ఉంటారు.

నా నవలలోని లోకం పేరు వానకొండ సీమ. నడుమ ఒక పెద్ద కొండ, ఆ కొండ మీదుగా ఉత్తరానికీ దక్షిణానికీ పారే ఒకే నది, పేరు జాలమ్మ. అక్కడ నదే దేవత. దోసిట్లో జాలమ్మ నీళ్లు పట్టుకుని మాట ఇస్తే ఇక తప్పడానికి వీల్లేదు, తప్పినవాడి గొంతు అక్కడికక్కడే పడిపోతుంది. అయితే ఆ మహిమ నీళ్లు పారినంత మేరకే. అందుకే రెండు రాజ్యాలు ఆ కొండ కోసం తరతరాలుగా కొట్టుకుంటాయి. ఈ లోకం నా ఒక్కదానిది కాదు. నాకు తొమ్మిదేళ్లు, మా అక్క సుజాతకు పన్నెండేళ్లు ఉన్నప్పుడు ఒక వేసవి సెలవుల్లో ఇద్దరం కలిసి కట్టుకున్నాం. ఉత్తర రాజ్యం నాది, దక్షిణ రాజ్యం అక్కది. పుస్తకం వస్తే మొదటి పేజీలో ఇద్దరి పేర్లూ ఉండాలని అప్పుడే ఒప్పందం.

పుస్తకం వేస్తున్న సంస్థ ఎడిటర్ పటం చూసి, "ఒకే నది కొండకు అటూ ఇటూ ఎలా పారుతుందండీ? ఒక వైపు ఎక్కి ఇంకో వైపు దిగాలి కదా" అన్నారు. నిజమే. వారం రోజులు బుర్ర బద్దలు కొట్టుకుని చివరికి దక్షిణపు పాయ కొట్టేశాను. నీళ్లు లేనిచోట మహిమ లేదు, దేవత లేదు, కాబట్టి దక్షిణ రాజ్యం మొత్తం ఎగిరిపోయింది. తొమ్మిది అధ్యాయాలు. ఫోన్ చేసి అక్కకు చెప్పాను. "సరే. అయితే ఆ పుస్తకం మీద నా పేరు ఎయ్యొద్దు" అని పెట్టేసింది. ఆ తరవాత మూడు వారాలు ఫోన్ ఎత్తలేదు. సోమవారం పుస్తకం అచ్చుకు ఇవ్వాలి. అక్క పేరు లేని ఆ పుస్తకం నాకు అక్కర్లేదు. అక్క చేత సరే అనిపించుకునే ఇంటికి తిరిగి రావాలని నిశ్చయించుకుని, పీణ్యలో తను నడిపే చిన్న కార్ఖానాకు బయల్దేరాను.

ఏడున్నరకు మా ఇంటికి దగ్గరున్న గరుడాచార్ పాళ్య స్టేషన్లో మెట్రో ఎక్కాను. శనివారం పొద్దున కాబట్టి కూర్చోవడానికి చోటు దొరికింది. మెజెస్టిక్ దాకా ముప్పావు గంట, డెబ్బై రూపాయలు. అక్కడి నుంచి నేరుగా గ్రీన్ లైన్‌కు మారితే పీణ్యకు పోవచ్చు, కానీ ముందు పక్కనే ఉన్న కాటన్‌పేటకు వెళ్లాలి. మా అమ్మకు వరసకు అన్నయ్య అయ్యే నాగరాజప్ప మామ అక్కడ మూడు తరాలుగా వస్తున్న దూది టోకు వ్యాపారం చేస్తున్నాడు. మేం ఆ సెలవులు గడిపింది ఆయన ఇంట్లోనే. అసలు పటం గీసింది ఆయన కొట్లోనే, దూది బేళ్లకు చుట్టే మందపాటి కాగితం మీద, బేళ్ల మీద నంబర్లు వేసే నల్ల సిరాతో. అక్క ముందు పెట్టడానికి ఆ కాగితం కావాలనిపించింది.

నడిచి వెళ్లే దూరమే అయినా రోడ్డు తవ్వి ఉందని ఆటో ఎక్కాను. డ్రైవర్‌ది చింతామణి వైపు, నేను ఫోన్లో తెలుగు మాట్లాడటం విని తెలుగులోకి దిగాడు. "అరవై ఇయ్యండక్కా, చుట్టు తిరిగి పోవల్ల. ఏం పని పొద్దుపొద్దున్నే?"

"పాత మ్యాపు ఒకటి వెతకాలి."

"ఏ ఊరిదక్కా?"

"ఎక్కడా లేని ఊరిది."

అద్దంలో నన్ను ఒకసారి పరీక్షగా చూశాడు. "అయితే ఫోన్లో దొరకదులే" అని బండి కదిలించాడు.

మామ అప్పుడే కొట్టు తెరిచి దేవుడికి ఊదుబత్తి వెలిగిస్తున్నాడు. విషయం చెప్పాను. "ఉండాదో లేదో చూస్తాం. కాగితం పారేసే మనిషిని కాదప్పా నేను. ముందు ఇడ్లీ తిను" అన్నాడు. పక్క హోటల్ నుంచి పళ్లెమంత తట్టె ఇడ్లీలు రెండు వచ్చాయి. నేను తినేలోపు ఆయన అటక మీది నుంచి కాగితాల కట్టలు మూడు దింపించాడు. రెండో కట్టలో దొరికింది. మడతల దగ్గర చిరిగి, అంచులు పసుపెక్కి ఉంది. నేల మీద పరిచి వంగి చూశాను. కొండ మీద నది కలిసి లేదు. ఉత్తరానికి ఒక గీత, దక్షిణానికి ఒక గీత, మధ్యలో బొటనవేలంత ఖాళీ.

"రెండు నదులు గీసి ఉండామే" అన్నాను, నాకు తెలియకుండానే ఆయన యాసలోకి జారిపోయి.

"రెండే గదా మరి" అన్నాడు మామ. "నంది కొండకు పోయి వచ్చిన దినం గీసినారు. ఈ పక్క పుట్టేది మీ హిందూపురం దిక్కుకు పోతాది, ఆ పక్క పుట్టేది హొసకోట దిక్కుకు వస్తాది అని నేనే మీకు చూపిచ్చినా. సుజాత వచ్చీ రాంగానే గీసేసింది. నువ్వు మాత్రం రెండూ ఒకటే కావల్లని ఒకటే ఏడుపు."

అప్పుడు గుర్తొచ్చింది. హైస్కూల్లో ఉండగా ఈ పటాన్ని నోటుబుక్కులోకి ఎక్కించినప్పుడు ఆ ఖాళీని పూడ్చి నదిని కలిపింది నేనే. ఒకే కొండల్లో ఒకే పేరుతో పుట్టి చెరో దిక్కుకు పోయే రెండు పెన్నలను చూస్తూ పెరిగిన పిల్లలే చేయగల పొరపాటు ఇది. సిగ్గుపడాల్సింది పోయి నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. రెండు నదులైతే కొండ ఎక్కే గొడవే లేదు. దక్షిణ రాజ్యం బతికింది, తొమ్మిది అధ్యాయాలూ యథాతథంగా తిరిగి పెట్టేయవచ్చు, అక్క పేరు వేయవచ్చు, సోమవారం ఇచ్చేయవచ్చు. పటం చుట్ట చుట్టుకుని పదకొండుకల్లా మళ్లీ మెజెస్టిక్‌లో ఉన్నాను.

గ్రీన్ లైన్లో పీణ్యకు పాతిక నిమిషాలు. స్టేషన్ నుంచి అక్క షెడ్డు పదిహేను నిమిషాల నడక. లారీలు, ఫోర్క్‌లిఫ్టులు ఒకదాన్నొకటి తోసుకుంటూ పోతుంటాయి, ఫుట్‌పాత్ అన్నది వెతుక్కోవాలి, కాబట్టి చెప్పులు కాకుండా బూట్లు వేసుకోండి. అక్క షెడ్డులో ఇనుమును గిరగిరా తిప్పి చెక్కే లేత్ మిషన్లు మూడు ఉన్నాయి. నీటి పంపుల ఇరుసులకు కడియాల్లా తొడిగే ఇనుప బుష్‌లు చేస్తారు. పదేళ్లుగా తనే యజమాని, తనే మొదటి కార్మికురాలు. నేను వెళ్లేసరికి లేత్ ముందు నిలబడి ఉంది. తలెత్తలేదు. "జాబ్ మీద ఉండాను. కూచో" అంది. తిరుగుతున్న లేత్ ముందున్న మనిషిని పలకరించకూడదు, అది ఆ షెడ్డు కట్టుబాటు. చూపు మళ్లితే వేలు పోతుంది. యాభై నిమిషాలు ప్లాస్టిక్ స్టూలు మీద, పటం ఒళ్లో పెట్టుకుని, చెప్పాల్సిన మాటలు వల్లె వేసుకుంటూ కూర్చున్నాను.

ఒంటిగంటకు మిషన్లు ఆగాయి. పనివాళ్లు భోజనాలకు వెళ్లారు. అక్క చేతులు వేస్టు గుడ్డతో తుడుచుకుని ఎదురుగా కూర్చుంది. పటం విప్పి ఖాళీ చూపించి గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. నువ్వు గీసిందే సరైంది, తప్పు నాదే, నీ రాజ్యం నీకు వచ్చేసింది, ఇక నీ పేరు వేయనీ అన్నాను.

అక్క పటాన్ని చాలాసేపు చూసింది. "ఇది ఇంకా ఉండాదా" అని నవ్వింది కూడా. తరవాత జాగ్రత్తగా మడిచి నా ఒళ్లో పెట్టింది. "వద్దు" అంది.

"మళ్లీ ఏమైంది?"

"నువ్వు పంపిచ్చిన ఆ తొమ్మిది అధ్యాయాలు నేను చదివినా. దాంట్లో ఉండేది నా రాజ్యం కాదు. నీ రాజ్యాన్నే ఇంగొకటి చేసి దానికి నా పేరు పెట్టినావు. అదే దేవత, అదే ఒట్లు, అవే గుళ్లు. ఆరేండ్లు రాసినావు గదా, నా జనం ఏం మొక్కుకుంటారో ఒక్క దినమన్నా నన్ను అడిగినావా? అడక్కుండానే రాసినావు. అడక్కుండానే నా నదిని ఎండగట్టినావు."

నాకు ఒళ్లు మండింది. "అడిగితే చెప్పడానికి నీకు తీరికెక్కడ?" అన్నాను.

"అడిగి చూసినావా?"

ఒక్కసారి కూడా అడగలేదు. పుస్తకాలు చదివేదాన్ని నేను, రాసేదాన్ని నేను, లేత్ దగ్గర నిలబడే మనిషికి ఒక లోకం గుర్తుంటుందని నాకు తట్టనే లేదు. అంతకన్నా దారుణం, పేరు వేస్తే చాలు సంతోషిస్తుంది అనుకున్నాను. సిగ్గుతో మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. బ్యాగులోంచి నోటుబుక్కు తీసి, "ఇప్పుడు అడుగుతున్నా. ఏం మొక్కుకుంటారు?" అన్నాను.

"ఏమీ మొక్కుకోరు" అంది అక్క. క్యారియర్ విప్పి రాగి ముద్దలో సగం నా వైపు తోసి, ఇంక మొదలుపెట్టింది. తన రాజ్యంలో జాలమ్మను ఎవరూ ఏదీ అడగరు. సాయంత్రం పని అయ్యాక నదికి పోయి చేతులు కడుక్కుంటూ ఆ రోజు ఏం చేశారో చెప్తారు. నిజం చెప్తే చేతుల మురికి పోతుంది, అబద్ధం చెప్తే ఎంత రుద్దినా పోదు. రాజు కూడా సభలోకి రాగానే ముందు అరచేతులు చూపించాలి. మరి పూజారులో అంటే, "పూజారి యాల? చేతులు అందరికీ ఉండాయి గదా" అంది. ఊళ్లు కూడా మురికిని బట్టే కట్టుకున్నారు. ఎగువన కుమ్మరులు, తరవాత కమ్మరులు, గుడ్డలకు రంగులద్దేవాళ్లు అందరికన్నా దిగువన, సముద్రం పక్కన. "లేదంటే కిందోళ్లు రంగునీళ్లలో చేతులెట్ల కడుగుతారు?" అంది, ఇంత చిన్న సంగతి నాకు తెలియనందుకు విసుక్కుంటూ. పాతికేళ్ల పైగా ఇదంతా తన బుర్రలో పెట్టుకుని తిరుగుతోంది. నేను రాసిన మహిమల్లో ఒక్కటీ దీని ముందు నిలవదు. అసూయ కలిగింది, ఆనందమూ కలిగింది, రెండూ ఒకేసారి.

పనివాళ్లు తిరిగి వచ్చాక అక్క మిషన్ దగ్గరికి వెళ్లింది. మిషన్లో జాబ్, అంటే చెక్కే ఇనుప ముక్క, మార్చేటప్పుడల్లా నా దగ్గరికి వచ్చి ఇంకో రెండు మాటలు చెప్పి పోయేది. నాలుగింటికి బయటికి వెళ్లి ఎడిటర్‌కు ఫోన్ చేశాను. సోమవారం ఇవ్వలేను, తొమ్మిది అధ్యాయాలు మళ్లీ రాయాలి, ఈసారి ఇద్దరం రాస్తాం అన్నాను. ఈ విడత తప్పితే మళ్లీ ఎప్పుడు వేస్తామో చెప్పలేనని ఆయన మర్యాదగానే చెప్పారు. ఫర్వాలేదండీ, అప్పటిదాకా రాస్తూనే ఉంటాం అన్నాను.

ఐదింటికి పని ముగిసింది. షెడ్డు వెనక కొళాయి దగ్గర రంపపు పొట్టు, సబ్బు పొడి కలిపి చేతులు రుద్దుకుంటారు, ఆ నూనె జిడ్డు ఉత్త సబ్బుకు వదలదు. అందరూ అయ్యాక అక్క కొళాయి కిందికి చేతులు పెట్టి, నన్ను చూడకుండా, తన రాజ్యంలో మనిషిలాగే చెప్పింది. "ఈ దినం నూట ఇరవై బుష్‌లు చేసినాం. నాలుగు పాడైనాయి, తప్పు నాదే. మా చెల్లెలి మీద మూడు వారాలు కోపంగా ఉండాను. ఇప్పుడు లేదు."

వంగి చూశాను. గోళ్ల చుట్టూ నల్లగా ఇంకా ఉంది. "పోలేదే" అన్నాను.

అక్క కూడా చూసుకుంది. "అయితే కొంచెం ఉండాదిలే" అంది, ఇంకో గుప్పెడు పొట్టు తీసుకుంటూ.

తిరుగు ప్రయాణంలో మెట్రో కిటికీ పక్కన కూర్చుని పటం మళ్లీ విప్పాను. ఒక లోకంలో నది ఎటు పోతుందో, దేవత ఎక్కడ ఆగుతుందో, మహిమ ఎవరికి దక్కుతుందో అన్నీ నేనే తేల్చగలనన్న ధీమాతో ఇన్నేళ్లు రాశాను. ఆ కొండకు అవతలి పక్క ఏముందో నాకు తెలియదని ఒప్పుకోవడం కష్టంగానే ఉంది, కానీ రాయాలన్న పట్టుదల మాత్రం పొద్దుటికన్నా పెరిగింది. ఇంటికి వచ్చి పాత తొమ్మిది అధ్యాయాలూ పక్కన పెట్టేశాను. మీరూ ఇలాంటి పని మీద పీణ్య వెళ్లేట్టయితే ఒక్క సలహా. సరిగ్గా ఒంటిగంటకు చేరుకునేలా బయల్దేరండి, లేత్ తిరుగుతుండగా క్షమాపణ చెప్పినా ఎవరికీ వినపడదు.